కేబుల్ పీకితే సిస్టమ్ బిగుసుకుపోతోంది, డిస్కనెక్ట్‌లో అన్నీ సర్దినా కూడా

వంశధార_వైరు
రెండు వారాలుగా సరిగ్గా నిద్ర లేదు, ఎవరైనా చూసి చెప్పండి. నరసన్నపేట దగ్గర ఒక రైసు మిల్లుకి ధాన్యం తేమ చూసే మీటరు చేసి ఇచ్చాం. యూఎస్‌బీ మీటరు, పక్కనే చిన్న లినక్స్ బోర్డు, డ్రైవర్ నేనే రాశాను. బస్తాలోకి గుచ్చితే తేమ శాతం తెర మీద కనబడుతుంది. 17 దాటితే ఆ బస్తా పక్కకి పోతుంది.

ఒక వరస అయ్యాక కళాసీ మీటరు వైరు పీకేసి, రెండో వరస దగ్గరున్న పోర్టుకి పెడతాడు. పీకిన రెండు మూడు సెకన్లకి తెర బిగుసుకుపోతుంది. రోజుకి నాలుగైదు సార్లు ఇదే తంతు. బయట లారీ ఆగి ఉంటుంది, షావుకారు నాకు ఫోను. ఇంట్లో నా బల్ల మీద వంద సార్లు పీకి పెట్టాను, ఒక్కసారి కూడా పడలేదు.

వైరు ఊడినప్పుడు కెర్నల్ (లినక్స్ గుండెకాయ) పిలిచే నా డిస్కనెక్ట్ ఫంక్షన్లో యూఆర్‌బీలు (యూఎస్‌బీ డేటా అభ్యర్థనలు) ఆపుతున్నాను, సీడెవ్ (ప్రోగ్రామ్ తెరిచే డివైస్ ఫైల్‌కి కెర్నల్ లోపలి రూపం) తీసేస్తున్నాను. మెమరీ అంతా డెవ్‌ఎం_కెజడ్‌అలాక్‌తో, అంటే పరికరం విడిపోగానే దానంతటదే పోయే పద్ధతిలో, తీసుకున్నాను కాబట్టి వదిలే పని కెర్నల్ చూసుకుంటుంది. ఇంకేటి మిగిలిందో నాకు అంతు పట్టడం లేదు.

పలాస_కెర్నల్
లాగ్ లేకుండా ఎవరం ఏం చెప్పగలం బాబూ. మా ఊళ్ళో కెర్నల్ అంటే జీడిపప్పు, పగిలితే ముక్క రేటుకి పోతుంది. నీ కెర్నల్ పగిలినప్పుడు కనీసం ఊప్స్ (కెర్నల్ పడినప్పుడు రాసే రిపోర్టు) అయినా చూపించాలి కదా. బూట్ లైన్లో స్లబ్_డీబగ్ (మెమరీ తప్పులు పట్టే సెట్టింగు) పెట్టి, ప్రోగ్రామ్ నడుస్తుండగానే వైరు పీకి, ఆ లాగ్ ఇక్కడ పెట్టు.

చీపురుపల్లి_చిప్
నాకైతే పోర్టు కరెంటు మీదే అనుమానం. మిల్లులో మోటార్లు తిరుగుతుంటే వోల్టేజీ ఊగుతుంది. మంచి పవర్ సప్లై పెట్టి చూడు ముందు.

వంశధార_వైరు
చిప్ గారూ, పవర్ సప్లై మార్చాను, యూపీఎస్ కూడా పెట్టాను. అదే కథ.

పలాస అన్నా, నువ్వు చెప్పినట్టు చేశాను. ఇంట్లోనే, మొదటిసారికే పడింది! ఊప్స్ నా రీడ్ ఫంక్షన్లో వచ్చింది. రిజిస్టర్లు చూస్తే ఒకటి 6బి6బి6బి6బి అని ఈ చివర నుంచి ఆ చివర దాకా అదే అంకె. ఎక్కడా నేను ఆ విలువ రాయలేదు.

బొబ్బిలి_వీణ
అది నువ్వు రాసింది కాదు తమ్ముడూ, కెర్నల్ రాసింది. స్లబ్ డీబగ్ ఆన్‌లో ఉంటే, వదిలేసిన మెమరీని 6బి అనే బైటుతో నింపుతుంది. అంటే వదిలేసిన చోటు నుంచి పాయింటర్ (మెమరీ చిరునామా) చదివి దాని వెంట వెళ్ళావన్నమాట. పవర్ సప్లైతో దీనికి సంబంధం లేదు.

బల్ల మీద ఎందుకు పడలేదో చెప్తాను. ఇంట్లో నువ్వు రీడింగ్ చూసుకుని, ప్రోగ్రామ్ ఆపి, అప్పుడు వైరు పీకి ఉంటావు. మిల్లులో పొద్దున్న తెరిచిన ప్రోగ్రామ్ రాత్రి దాకా మూయరు. అంటే డివైస్ ఫైల్ తెరిచే ఉంది. ఒకవేళ ఇంట్లో కూడా తెరిచే పీకినా, ఆ మెమరీని ఇంకెవరూ తీసుకోనంత సేపు పాత విలువలు అలాగే ఉంటాయి, పని జరిగిపోయినట్టే కనిపిస్తుంది.

ఇప్పుడు వరస చూడు. వైరు పీకగానే యూఎస్‌బీ కోర్ నీ డిస్కనెక్ట్ పిలిచింది. అది తిరిగి రాగానే డెవ్‌ఎం కింద తీసుకున్నవన్నీ వెనక నుంచి ముందుకి వదిలేసింది. నీ స్ట్రక్ట్ (డ్రైవర్ తన వివరాలన్నీ ఉంచుకునే మెమరీ) అక్కడితో పోయింది. కానీ ప్రోగ్రామ్ చేతిలో ఫైల్ ఇంకా ఉంది, దాని ప్రైవేట్_డేటా పాయింటర్ ఆ పోయిన స్ట్రక్ట్‌నే చూపిస్తోంది. తర్వాతి రీడ్‌కి కథ ముగిసింది.

ఇంకో మాట. సీడెవ్‌ని స్ట్రక్ట్ లోపలే పెట్టావు కదా? అయితే రీడ్ రాకపోయినా తప్పించుకోలేవు. ప్రోగ్రామ్ ఫైల్ మూసినప్పుడు, నీ రిలీజ్ ఫంక్షన్ అయ్యాక కెర్నల్ తనంతట తనే సీడెవ్_పుట్ పిలుస్తుంది. ఆ సీడెవ్ ఉన్నది పోయిన మెమరీలో. సీడెవ్_డెల్ చేశాక కొత్తగా ఎవరూ తెరవలేరు, అంతవరకే దాని పని. అప్పటికే తెరిచిన ఫైళ్ళ మీద రీడ్, రైట్, ఐఓసీటీఎల్ (పరికరానికి ఇచ్చే ప్రత్యేక ఆదేశం) అన్నీ వస్తూనే ఉంటాయి. ఆ ఫంక్షన్ పైనున్న కామెంట్‌లో ఇది రాసే ఉంది, చాలామంది చదవరు.

చీపురుపల్లి_చిప్
అయితే డెవ్‌ఎం వాడొద్దంటారా అక్కా? అది రాకముందు ప్రోబ్ (పరికరం దొరకగానే నడిచే) ఫంక్షన్లు ఎలా ఉండేవో గుర్తుందా? పది గోటూలు, పది లేబుళ్ళు, ఒకటి తప్పితే లీకు. డెవ్‌ఎం వచ్చాక నా కోడు సగానికి తగ్గింది. దాన్ని తప్పు పడితే నేను ఒప్పుకోను.

బొబ్బిలి_వీణ
వాడొద్దని ఎక్కడన్నాను? రిజిస్టర్ల మ్యాపింగ్, క్లాకు, రెగ్యులేటరు, ఇవన్నీ హార్డ్‌వేర్‌తో వచ్చి హార్డ్‌వేర్‌తో పోయేవి. వాటికి డెవ్‌ఎం అచ్చంగా సరిపోతుంది. యూజర్ చేతికి చిక్కిన మెమరీ అలా పోకూడదు, నా గొడవ అది ఒక్కటే.

పొందూరు_నూలు
ఈ గొడవ కొత్తది కాదు. డెవ్‌ఎం వెనకున్న డెవ్‌రెస్‌ని కెర్నల్ డెవలపర్ తేజున్ హియో 2007లో 2.6.21 కెర్నల్‌లో తెచ్చారు. ప్రోబ్ మధ్యలో విఫలమైతే తీసుకున్నవి సక్రమంగా వదలడం కోసం తెచ్చిన పద్ధతి అది. ఆ పని అది చక్కగా చేస్తుంది. అక్కడి నుంచి అందరూ ప్రైవేట్ స్ట్రక్ట్‌ని కూడా దాంతోనే తీసుకోవడం అలవాటు చేసుకున్నారు. 2022లో డబ్లిన్‌లో జరిగిన లినక్స్ ప్లంబర్స్ సమావేశంలో కెర్నల్ డెవలపర్ లారెంట్ పించార్ట్ డెవ్‌ఎం_కెజడ్‌అలాక్ అనే ఈ ఒక్క ఫంక్షన్ చేసే హాని మీదే మాట్లాడారు. గ్రాఫిక్స్ వాళ్ళు 2020లో 5.8 కెర్నల్‌కే తమ సొంత డీఆర్‌ఎంఎం పద్ధతి పెట్టుకున్నారు, అందులో మెమరీ ప్రాణం డీఆర్‌ఎం (గ్రాఫిక్స్) డివైస్‌ని పట్టుకున్న ఆఖరి రెఫరెన్స్‌తో ముడిపడి ఉంటుంది, బస్సు మీది డివైస్‌తో కాదు.

నేను పిల్లలకి ఎలా చెప్తానంటే, పెళ్ళి భోజనాలు అనుకోండి. వంటవాళ్ళు గాడిపొయ్యి ఆర్పి, గుండిగలు కట్టుకుని వెళ్ళిపోవచ్చు. అది హార్డ్‌వేర్. కానీ పందిట్లో ఆఖరి బంతి ఇంకా కూర్చునే ఉంది. వంట అయిపోయిందని పందిరి రాటలు పీకేస్తే అది విస్తర్ల మీద పడుతుంది. రాట పీకాల్సింది ఆఖరి మనిషి లేచాక. ఎంతమంది కూర్చున్నారో లెక్క ఉంచుకునేదే కెరెఫ్. 2004 నుంచీ కెర్నల్‌లో ఉంది, పెద్ద శాస్త్రమేమీ కాదు.

డెవ్‌ఎం_కెజడ్‌అలాక్ వంటవాళ్ళు వెళ్ళగానే పందిరి విప్పుతుంది. వాళ్ళ సామానుకి అది మంచిదే. భోజనం చేసేవాళ్ళకి కాదు.

పలాస_కెర్నల్
పందిరి ఉదాహరణ బాగుంది మాస్టారూ. ఆకలేసింది కూడా.

వంశధార_వైరు
అర్థమైంది. అయితే ఏ మార్గం పట్టమంటారు? కెరెఫ్ పెట్టనా, ఇంకేదైనా ఉందా?

బొబ్బిలి_వీణ
రెండు దారులున్నాయి.

ఒకటి కెరెఫ్. కెర్నల్ సోర్సులోనే యూఎస్‌బీ స్కెలిటన్ అని ఒక నమూనా డ్రైవర్ ఉంది, అది మొత్తం చదువు. ప్రోబ్‌లో కెరెఫ్_ఇనిట్, ఓపెన్‌లో కెరెఫ్_గెట్ (లెక్క పెంచడం), ఫైల్ రిలీజ్‌లో కెరెఫ్_పుట్ (లెక్క తగ్గించడం), డిస్కనెక్ట్‌లో ఇంకో పుట్. లెక్క సున్నాకి వస్తే డిలీట్ ఫంక్షన్ పిలుస్తుంది, కెఫ్రీ (మెమరీ వదిలేది) ఉండేది అందులోనే, ఇంకెక్కడా కాదు. ఆ నమూనా సొంత సీడెవ్ పెట్టుకోదు, యూఎస్‌బీ కోర్ ఇచ్చే మైనర్ నంబరే తీసుకుంటుంది. అందుకే దానికి ఇంతకుముందు చెప్పిన సీడెవ్_పుట్ తంటా లేదు.

రెండోది, నీకు సొంత సీడెవ్ ఉంది కాబట్టి నేనైతే ఇదే చేస్తాను. స్ట్రక్ట్‌లో స్ట్రక్ట్ డివైస్ కూడా పెట్టు. మామూలు కెజడ్‌అలాక్‌తో తీసుకుని, డివైస్_ఇనిషియలైజ్ చేసి, దాని రిలీజ్‌లో కెఫ్రీ రాయి. తర్వాత సీడెవ్_ఇనిట్, సీడెవ్_డివైస్_యాడ్. 2017 నుంచీ ఉన్న ఫంక్షన్ ఇది, సీడెవ్‌కి నీ డివైస్‌ని పేరెంట్‌గా కట్టేస్తుంది. ఫైల్ తెరిచి ఉన్నంత సేపూ సీడెవ్ బతికుంటుంది, సీడెవ్ ఉన్నంత సేపూ డివైస్ బతికుంటుంది, అందులోనే నీ స్ట్రక్ట్ ఉంది. ఓపెన్‌లో నువ్వు వేరే లెక్క పెట్టక్కర్లేదు. డిస్కనెక్ట్‌లో సీడెవ్_డివైస్_డెల్, ఆఖరున పుట్_డివైస్.

పొందూరు_నూలు
వీణమ్మ చెప్పిన రెండో దారిలో ఒక గొయ్యి ఉంది, నేను పడ్డాను కాబట్టి చెప్తున్నాను. డివైస్_ఇనిషియలైజ్ పిలిచాక, ఆ తర్వాత ఏ మెట్టులో విఫలమైనా కెఫ్రీ చేయకూడదు, పుట్_డివైస్ మాత్రమే. డివైస్_రిజిస్టర్ విఫలమైనా ఇదే నియమం. నేను ఒకప్పుడు ఎర్రర్ వచ్చిన చోట నేరుగా కెఫ్రీ రాశాను. డివైస్ పేరు కోసం కెర్నల్ విడిగా తీసుకున్న మెమరీ అలాగే మిగిలిపోయింది. చిన్న లీకే, కానీ మా పరికరం ప్రతి బూట్‌లోనూ పది పన్నెండు సార్లు ప్రోబ్ వాయిదా వేసుకునేది. కెమెమ్‌లీక్ అనే, వదలని మెమరీ వెతికే సాధనంలో ఆ పేర్లన్నీ వరసగా, అక్షరాలతో సహా కనబడ్డాయి. ఆ తెర ఇప్పటికీ కళ్ళ ముందుంది.

రాజాం_బ్యాచ్
నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. ఒక డౌట్. వైరు పీకినప్పుడు ఫైల్ తెరిచి ఉంటే, డిస్కనెక్ట్ నుంచి బిజీ అని ఎర్రర్ తిరిగి ఇచ్చేస్తే సరిపోదా? అప్పుడు కెర్నల్ ఆగుతుంది కదా?

గజపతినగరం_గేటు
ఆగదు తమ్ముడూ. వైరు చేతిలోకి వచ్చేశాక కెర్నల్ ఎవరిని ఆపుతుంది? యూఎస్‌బీ డిస్కనెక్ట్‌కి తిరిగి ఇచ్చే విలువే లేదు. ప్లాట్‌ఫామ్ డ్రైవర్ల రిమూవ్‌కి ఇంటీజర్ ఉండేది, చాలామంది నీలాగే బిజీ అని రాసేవాళ్ళు. కెర్నల్ దాన్ని పట్టించుకోకుండా డివైస్‌ని విడదీసేసేది. ఆ భ్రమ పోవాలని 2024లో 6.11 నాటికి దాన్ని కూడా వాయిడ్ చేసేశారు.

చీపురుపల్లి_చిప్
యూఎస్‌బీకి సరే. నా పని అంతా ఐ2సీ సెన్సార్లు, బోర్డుకి సోల్డర్ చేసి ఉంటాయి. వాటిని పీకేవాడు ఎవడు? నాకు ఇదంతా అనవసరం అనిపిస్తోంది.

సాలూరు_ఘాట్
చిప్ అన్నా, సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ తన వివరాలు ఫైళ్ళుగా చూపే చోటు) నీ డ్రైవర్ డైరెక్టరీలోకి వెళ్ళి అన్‌బైండ్ అనే ఫైల్లో డివైస్ పేరు రాసి చూడు. రూట్ అయితే చాలు, సోల్డర్ ఊడక్కర్లేదు. ఫైల్ తెరిచి ఉంటే ఆర్ఎంమాడ్ (డ్రైవర్ మాడ్యూల్‌ని తీసేసే కమాండ్) ఆగుతుంది, ఎందుకంటే ఓనర్ ద్వారా మాడ్యూల్ లెక్క పెరిగి ఉంటుంది. అన్‌బైండ్‌ని ఆ లెక్క ఆపలేదు. అంటే మాడ్యూల్ కోడు ఉంటుంది, డేటా ఉండదు. ఇవాళ సాయంత్రం నీ సెన్సార్ మీద చేసి చూసి చెప్పు.

వంశధార_వైరు
వీణక్క చెప్పిన రెండో దారిలో రాశాను. నూలు మాస్టారు చెప్పిన గొయ్యి కూడా సరిచేసుకున్నాను. ఇప్పుడు ఊప్స్ లేదు. కానీ కొత్త సమస్య. వైరు పీకితే ప్రోగ్రామ్ రీడ్‌లోనే నిలబడిపోతోంది. మళ్ళీ పెడితే కొత్త డివైస్ నంబరు వస్తోంది, పాత ప్రోగ్రామ్ మాత్రం కదలడం లేదు. చంపితే గానీ పోవడం లేదు. మిల్లులో కళాసీ ప్రోగ్రామ్‌ని చంపలేడు కదా.

బొబ్బిలి_వీణ
పందిరి నిలబెట్టావు, వడ్డన అయిపోయిందని మాత్రం ఎవరికీ చెప్పలేదు. విస్తరి ముందు కూర్చుని పప్పు కోసం చూస్తూనే ఉన్నారు పాపం.

స్ట్రక్ట్‌లో డిస్కనెక్టెడ్ అనే ఫ్లాగు, దానికో మ్యూటెక్స్ (ఒకేసారి ఒక్కరే పట్టుకోగల తాళం) పెట్టు. డిస్కనెక్ట్‌లో మ్యూటెక్స్ పట్టుకుని ఫ్లాగు ఎత్తు, వదులు, వెంటనే వెయిట్ క్యూలో ఉన్నవాళ్ళని లేపు. రీడ్‌లో నిద్రలోకి వెళ్ళే షరతులో డేటా వచ్చిందా అన్నదానితో పాటు ఈ ఫ్లాగు కూడా ఉండాలి. లేచాక ఫ్లాగు ఎత్తి ఉంటే ఈనోడెవ్ (పరికరం లేదనే ఎర్రర్) ఇచ్చి బయటకి పంపు. రైట్‌లో, ఐఓసీటీఎల్‌లో హార్డ్‌వేర్‌ని ముట్టుకునే ముందు అదే మ్యూటెక్స్ కింద అదే ప్రశ్న. పోల్ ఉంటే హ్యాంగప్ బిట్ ఇవ్వు, అప్పుడు నీ ప్రోగ్రామ్‌కి తెలుస్తుంది, ఫైల్ మూసి కొత్తది తెరుచుకుంటుంది.

ఒక జాగ్రత్త. ఫ్లాగు చూసి, మ్యూటెక్స్ వదిలేసి, ఆ తర్వాత హార్డ్‌వేర్‌తో మాట్లాడితే ప్రయోజనం లేదు. ఆ రెండింటి సందులోనే వైరు ఊడుతుంది.

సాలూరు_ఘాట్
దీనికి అనుబంధంగా ఇంకోటి. డ్రైవర్లో డివైస్‌ల లిస్టు పెట్టుకుని, ఓపెన్‌లో నంబరు బట్టి వెతికి కెరెఫ్_గెట్ చేసేవాళ్ళు జాగ్రత్త. నీ చేతిలో అప్పటికే రెఫరెన్స్ ఉంటే గెట్ నిశ్చింతగా చేసుకోవచ్చు. లిస్టులోంచి కొత్తగా పట్టుకునేటప్పుడు మాత్రం, అదే క్షణంలో ఇంకొకడు ఆఖరి పుట్ చేస్తూ ఉండొచ్చు. ఆ ఇద్దరికీ మధ్య ఒక లాక్ ఉండాల్సిందే, లేదా కెరెఫ్_గెట్_అన్‌లెస్_జీరో వాడి, అది కాదంటే దొరకలేదని వెనక్కి వెళ్ళాలి. నా పాత కంపెనీలో ఈ ఒక్క సందు వెతకడానికి నలభై రోజులు పట్టింది. నెలకి ఒకసారి, ఒకే కస్టమర్ దగ్గర వచ్చేది. చివరికి రిఫ్‌కౌంట్ వార్నింగ్ ఒకటి లాగ్‌లో దొరికితే అక్కడి నుంచి లాగాం.

పలాస_కెర్నల్
ఆ వార్నింగ్ 4.11 నుంచి వచ్చిన రిఫ్‌కౌంట్_టీ పుణ్యం. అంతకుముందు కెరెఫ్ కింద ఉత్త అటామిక్ అంకె ఉండేది, సున్నా దాటి కిందకి పోయినా, పైకి నిండి మళ్ళీ సున్నాకి వచ్చినా అడిగేవాడు లేడు. 2016లో కీరింగ్‌లో (కెర్నల్ రహస్య తాళాలు దాచే భాగం) బయటపడిన లోపం అలాంటిదే, లెక్క పెంచుకుంటూ పోయి సున్నాకి తిప్పి రూట్ సంపాదించేవారు. ఇప్పుడు పైకి పోతే ఒక చోట ఆగిపోతుంది, కిందకి పోతే అరుస్తుంది. అరుపు వస్తే దయచేసి దాన్ని తీసేయకండి, వెతకండి.

గజపతినగరం_గేటు
మెమరీ గురించే అందరూ మాట్లాడుతున్నారు, టైమర్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఫైల్ పట్టుకున్న యూజర్ ఒక్కడే కాదు బంతిలో. టైమర్, వర్క్‌క్యూ (వెనక నడిచే పనుల వరస), ఇంటరప్టు (హార్డ్‌వేర్ నుంచి వచ్చే పిలుపు), యూఆర్‌బీ కంప్లీషన్, వీళ్ళందరూ కూర్చునే ఉంటారు, వీళ్ళకి విస్తరి కనబడదు.

నా కేసు చెప్తాను. ఒక మోడెమ్ డ్రైవర్లో టైమర్ వర్క్‌ని లేపేది, వర్క్ మళ్ళీ టైమర్‌ని పెట్టేది. రిమూవ్‌లో టైమర్ ఆపాను, తర్వాత వర్క్ క్యాన్సిల్ చేశాను. టైమర్ ఆపిన తర్వాత, వర్క్ ఆగేలోపు, నడుస్తున్న వర్క్ పోతూ పోతూ టైమర్ మళ్ళీ పెట్టి పోయింది. వరస తిప్పాను, అప్పుడు టైమర్ పోతూ పోతూ వర్క్‌ని లేపింది. ఏ వరసలో పెట్టినా రెండోది తప్పించుకునేది. 6.2లో టైమర్_షట్‌డౌన్_సింక్ వచ్చాకే ప్రాణం కుదుటపడింది. దాని తర్వాత ఎవరు టైమర్ పెట్టినా చెల్లదు. ముందు అది, తర్వాత క్యాన్సిల్_వర్క్_సింక్. వైరు తమ్ముడూ, నీ మీటర్లో సెకనుకోసారి చదివే టైమర్ ఉందా?

వంశధార_వైరు
టైమర్ లేదు గేటు అన్నా, ఇంటరప్ట్ యూఆర్‌బీ ఒకటే, కంప్లీషన్లో మళ్ళీ సబ్మిట్ చేస్తాను. అది కూడా నువ్వు చెప్పినట్టే తనని తాను మళ్ళీ పెట్టుకునే రకమే కదా?

గజపతినగరం_గేటు
అవును. కానీ యూఎస్‌బీ_కిల్_యూఆర్‌బీ దాన్ని చూసుకుంటుంది. అది పూర్తయ్యేదాకా మళ్ళీ సబ్మిట్‌ని ఒప్పుకోదు, కంప్లీషన్ ముగిసేదాకా ఆగుతుంది. అన్‌లింక్ మాత్రం ఆగకుండా వచ్చేస్తుంది, రెండూ ఒకటే అనుకోకు. కిల్ నిద్రపోగలదు కాబట్టి స్పిన్‌లాక్ పట్టుకుని పిలవకు.

చీపురుపల్లి_చిప్
సాలూరు తమ్ముడూ, అన్‌బైండ్ చేసి చూశాను. రెండోసారికే పడింది. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. నా డ్రైవర్లో ఫైల్ సంగతి కంటే ముందు ఇంకోటి బయటపడింది, రాస్తున్నాను, ఇంకొకరికి పనికొస్తుంది.

ఇంటరప్టు డెవ్‌ఎం_రిక్వెస్ట్_ఐఆర్‌క్యూతో తీసుకున్నాను. శాంపిల్ బఫర్ మాత్రం మామూలు కెమలాక్, రిమూవ్‌లో చేత్తో కెఫ్రీ. రిమూవ్ ముందు నడుస్తుంది, డెవ్‌ఎం వదలడం దాని తర్వాత. అంటే బఫర్ పోయింది, ఇంటరప్టు ఇంకా బతికే ఉంది. ఆ సందులో సెన్సార్ ఒక్క పల్స్ ఇచ్చినా హ్యాండ్లర్ పోయిన బఫర్లో రాస్తుంది. మూడేళ్ళుగా ఇది ఫీల్డ్‌లో ఉంది. సగం డెవ్‌ఎం, సగం చేత్తో కలిపితే ఇదీ ఫలితం. ఇప్పుడు బఫర్ కూడా డెవ్‌ఎంలోకి తెచ్చి, ఇంటరప్టు కంటే ముందు తీసుకున్నాను. ఇది హ్యాండ్లర్ ఒక్కటే ముట్టుకునే బఫర్, యూజర్ దాకా పోదు, కాబట్టి డెవ్‌ఎం తప్పు లేదు. చివర తీసుకున్నది ముందు పోతుంది కాబట్టి ఇంటరప్టు ముందు పోయి, బఫర్ తర్వాత పోతుంది.

పొందూరు_నూలు
చక్కగా పట్టుకున్నారు. డెవ్‌ఎం రూపం లేని వనరు ఏదైనా ఉంటే డెవ్‌ఎం_యాడ్_యాక్షన్_ఆర్_రీసెట్‌తో దాన్ని కూడా అదే వరసలోకి ఎక్కించుకోవచ్చు. ఇంటరప్టు లైను షేర్ చేసుకునేవాళ్ళు డీబగ్_ఎస్‌హెచ్‌ఐఆర్‌క్యూ అనే కాన్ఫిగ్ ఆన్ చేసి చూడండి. లైను వదిలే సమయంలో కావాలనే ఒక దొంగ ఇంటరప్టు పంపి, మీ హ్యాండ్లర్ తట్టుకుంటుందో లేదో పరీక్షిస్తుంది.

రాజాం_బ్యాచ్
నా ల్యాప్‌టాప్ 4 జీబీ. ఇవన్నీ నేర్చుకోవడానికి బోర్డు కొనాలా? కెసాన్ అని మెమరీ తప్పులు పట్టేది ఒకటి ఉందని విన్నాను, దానికి చాలా మెమరీ కావాలంటారు.

పలాస_కెర్నల్
బోర్డు అక్కర్లేదు. క్యూఈఎంయూలో (ల్యాప్‌టాప్ లోపలే నడిచే నకిలీ కంప్యూటర్) 1 జీబీ ఇచ్చి చిన్న కెర్నల్ నడుపు. కెసాన్ 2015లో 4.0లో వచ్చింది. మామూలు రకం ప్రతి 8 బైట్లకి ఒక బైటు నీడగా ఉంచుకుంటుంది, అంటే మెమరీలో ఎనిమిదో వంతు, దాని పైన ఇంకొంత. 1 జీబీలో హాయిగా నడుస్తుంది, కాస్త నెమ్మది, అంతే.

ఊప్స్‌కీ దానికీ తేడా ఏంటంటే, ఊప్స్ ఎక్కడ పడిపోయావో చెప్తుంది. కెసాన్ ఆ మెమరీని ఎక్కడ ముట్టుకున్నావు, ఎవరు తీసుకున్నారు, ఎవరు వదిలారు, మూడు స్టాకులూ పక్కపక్కన చూపిస్తుంది. వైరు తమ్ముడి కేసులో మూడో స్టాకులో డెవ్‌రెస్ పేరు కనబడి ఉండేది, వీణక్కకి ఇంత టైపింగ్ తప్పేది.

రాజాం_బ్యాచ్
మరి క్యూఈఎంయూలో యూఎస్‌బీ వైరు పీకడం ఎలా అన్నా?

పలాస_కెర్నల్
మానిటర్లో డివైస్_డెల్ అంటే పీకినట్టే. లేదా డమ్మీ హెచ్‌సీడీ మాడ్యూల్‌తో లేని పరికరాన్ని ఉన్నట్టు పుట్టించి, తీసేయొచ్చు. 2017లో సిజ్‌కాలర్ అనే, కెర్నల్ లోపాలు వెతికే సాధనంతో యూఎస్‌బీ డ్రైవర్లలో లోపాలు వరసగా బయటకి లాగినప్పుడు పరికరాలేవీ కొనలేదు, అన్నీ ఇలా పుట్టించినవే.

సాలూరు_ఘాట్
ఒక మాట కలుపుతాను. డీబగ్_కోబ్జెక్ట్_రిలీజ్ కాన్ఫిగ్ కూడా పెట్టుకో. ఆఖరి పుట్ జరిగినా రిలీజ్‌ని కావాలనే కొన్ని సెకన్లు ఆలస్యం చేస్తుంది. పుట్ అయిపోయింది కాబట్టి మెమరీ పోయే ఉంటుందని ఊహించి రాసిన కోడు అక్కడ దొరికిపోతుంది.

రాజాం_బ్యాచ్
చేశాను! నా ప్రాజెక్టులో డివైస్‌కి రిలీజ్ ఫంక్షన్ లేదని, ఇది తప్పని, సరిచేయాలని పెద్ద వార్నింగ్ వచ్చింది. ఖాళీ ఫంక్షన్ ఒకటి రాసిపెట్టాను, వార్నింగ్ పోయింది.

పొందూరు_నూలు
ఆ పని చేయకు నాయనా. కోబ్జెక్ట్ డాక్యుమెంటేషన్లో ఖాళీ ఫంక్షన్ పెట్టి ఈ వార్నింగ్‌ని తప్పించుకోవద్దని విడిగా రాసి మరీ ఉంది. ఈ డివైస్ ఆఖరి మనిషి లేచాక దాని మెమరీ ఎవరు వదలాలి అని కెర్నల్ నిన్ను అడుగుతోంది. ఆ ఫంక్షన్లో కెఫ్రీ రాయి, ఇంకెక్కడ కెఫ్రీ ఉన్నా తీసెయ్యి. స్టాటిక్‌గా ప్రకటించిన డివైస్ అయితే ముందు దాన్ని కెజడ్‌అలాక్‌లోకి మార్చు.

రాజాం_బ్యాచ్
సరే మాస్టారూ, మారుస్తున్నాను. నిజంగానే స్టాటిక్‌గానే ఉంది.

చీపురుపల్లి_చిప్
సీ బదులు రస్ట్ భాషలో రాస్తే ఈ బాధలు ఉండవంటారు. నిజమేనా?

బొబ్బిలి_వీణ
కొంత నిజం. 6.1లో, 2022 డిసెంబరులో రస్ట్ కెర్నల్‌లోకి వచ్చింది. వదిలేసిన పాయింటర్‌ని ముట్టుకోవడం కంపైలర్ దగ్గరే ఆగిపోతుంది. కానీ వైరు పీకడం కంపైలర్‌కి కనబడదు కదా. అందుకే అక్కడ రివోకబుల్ అని ఒకటి పెట్టారు. హార్డ్‌వేర్‌కి సంబంధించిన వనరుని అందులో చుట్టి ఇస్తారు, డివైస్ విడిపోయాక అడిగితే లేదని చెప్తుంది, ఆ లేదు అన్నదాన్ని చూసుకోకుండా నీ కోడు ముందుకి కదలదు. మనం ఫ్లాగు, మ్యూటెక్స్ అని చేత్తో రాసుకుంటున్నదే. పందిరి వేరు, పొయ్యి వేరు అన్నది సీలోనూ రస్ట్‌లోనూ ఒకటే. సీలో కూడా 2023లో 6.5 నుంచి క్లీనప్ మాక్రోలు వచ్చాయి, ఫంక్షన్ దాటగానే లాక్ వదలడం, తాత్కాలిక మెమరీ వదలడం వాటంతట అవే జరుగుతాయి. ఒక ఫంక్షన్ లోపలి ప్రాణాలకి అవి మంచివి. మిల్లులో పొద్దుటి నుంచి రాత్రి దాకా తెరిచి ఉన్న ఫైల్‌కి పనికిరావు.

వంశధార_వైరు
ఫ్లాగు, మ్యూటెక్స్, వేకప్ అన్నీ పెట్టాను. స్క్రిప్టు రాసి, ప్రోగ్రామ్ రీడ్‌లో ఉండగా 500 సార్లు అన్‌బైండ్, బైండ్ చేశాను. ఒక్క ఊప్స్ లేదు. ప్రోగ్రామ్ ఈనోడెవ్ చూసి ఫైల్ మూసి, కొత్తది తెరుచుకుంటోంది.

తర్వాత చేత్తో వైరు నలభై సార్లు పీకి, కెమెమ్‌లీక్ స్కాన్ చేస్తే నలభై లీకులు కనబడ్డాయి. ఒక్కోటీ 2 కేబీ. విచిత్రం ఏంటంటే స్టాకులో నా డ్రైవర్ పేరే లేదు. యూఎస్‌బీ_అలాక్_డెవ్ అని, హబ్ వర్క్ అని ఉంది. ఇది యూఎస్‌బీ కోర్ లీకా?

బొబ్బిలి_వీణ
కోర్ లీకు కాదు. కెమెమ్‌లీక్ ఆ మెమరీని తీసుకున్నవాడి పేరే చెప్తుంది, వదలకుండా పట్టుకున్నవాడి పేరు దానికి తెలియదు. ప్రోబ్‌లో యూఎస్‌బీ_గెట్_డెవ్ చేశావా?

వంశధార_వైరు
చేశాను.

బొబ్బిలి_వీణ
పుట్ ఎక్కడ?

వంశధార_వైరు
అయ్యో. పాత కోడులో డిస్కనెక్ట్‌లో ఉండేది. అంతా తిరగరాసినప్పుడు ఎగిరిపోయింది. కొత్త రిలీజ్‌లో ఉత్త కెఫ్రీ ఒక్కటే ఉంది.

బొబ్బిలి_వీణ
రిలీజ్‌లో కెఫ్రీకి ముందు యూఎస్‌బీ_పుట్_డెవ్ పెట్టు. డిస్కనెక్ట్‌లో వద్దు, ఆ పాయింటర్‌ని చూసేవాళ్ళు అప్పటికి ఇంకా ఉండొచ్చు. స్కెలిటన్ డ్రైవర్ డిలీట్ ఫంక్షన్లో కూడా అలాగే ఉంటుంది, ఒకసారి పోల్చుకో.

గజపతినగరం_గేటు
అన్‌బైండ్ స్క్రిప్టులో ఇది ఎందుకు కనబడలేదో గమనించావా తమ్ముడూ? అన్‌బైండ్‌లో యూఎస్‌బీ డివైస్ అక్కడే ఉంటుంది, డ్రైవర్ మాత్రమే విడిపోతుంది. లెక్క ఒకటి ఎక్కువైనా ఆ డివైస్ బతికున్నదే కాబట్టి లీకు అనిపించదు. వైరు పీకితేనే అది అనాథ అవుతుంది. రెండు పరీక్షలూ చేయాల్సిందే.

వంశధార_వైరు
పెట్టాను. మళ్ళీ నలభై సార్లు పీకాను, స్కాన్ రెండుసార్లు నడిపాను, ఖాళీ. రేపు పొద్దున్న బస్సుకి మిల్లుకి వెళ్ళి ఎక్కించి వస్తాను.

చీపురుపల్లి_చిప్
వెళ్ళాక ఏమైందో రాయి, మర్చిపోకు.

వంశధార_వైరు
మిల్లు నుంచే రాస్తున్నాను. పొద్దున్న నుంచి కళాసీ పదకొండు సార్లు వైరు మార్చాడు. పీకగానే తెర మీద మీటరు పెట్టండి అని వస్తుంది, పెట్టగానే రీడింగ్ మొదలవుతుంది. మూడో లారీ లోడవుతోంది. నేను పక్కన నిలబడి చూస్తున్నానని కూడా ఎవరికీ ధ్యాస లేదు, వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటున్నారు.

పలాస_కెర్నల్
తేమ ఎంత చూపిస్తోంది?

వంశధార_వైరు
ఈ బస్తా 15.8. బాగా ఎండింది.